వంటింటి యంత్రము: ఎంపిక ఎవరిది?

(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఏ ప్రభుత్వ కార్యాలయములోనైనను ఒక బల్ల కొనవలసి వచ్చినచో, ఆ బల్ల ఏ విభాగమునకు కావలెనో ఆ విభాగమే ముందుగా ఇండెంటు వ్రాసి పంపవలెను. ఎంత పొడవు, ఎంత వెడల్పు, ఎన్ని సొరుగులు, ఏ పనికి అని వివరముగా తెలుపవలెను. ఆ కాగితము లేనిదే ఫైలు కదలదు. పిమ్మట కొటేషనులు పిలుతురు, ధరలను ప్రక్కప్రక్కన పట్టిక వేసి చూతురు, సరకు చేరిన తరువాత పరీక్షించి పుచ్చుకొందురు. ఇన్ని నియమముల నడుమ జీవితమంతయు గడపిన ఉద్యోగి, ఇంటికి వేల రూపాయల వంటయంత్రము కొనునపుడు మాత్రము ఎవరి ఇండెంటును అడుగడు. దుకాణములో అద్దపు బీరువా ముందు నిలువబడి, ఏ అట్టపెట్టెపై ఎక్కువ బొమ్మలున్నవో దానిని తెచ్చును. ఈ ప్రసంగము ఆ వ్రాయని ఇండెంటును గురించినదే.

తెలుగువారి వంటింటిలో పనిముట్లకు కొదువ లేదు. దంచుటకు రోలు, రోకలి. రుబ్బుటకు రుబ్బురోలు, పొత్రము. నూరుటకు సన్నికల్లు. విసరుటకు తిరగలి. తరుగుటకు కత్తిపీట. కోరుటకు కోరాము. చిలుకుటకు కవ్వము. పని వేరు, మాట వేరు, పనిముట్టు వేరు. దంచుట యనగా పైనుండి దెబ్బ వేయుట. రుబ్బుట యనగా నానిన పదార్థమును రాతికిని రాతికిని నడుమ త్రిప్పి నలుపుట. నూరుట యనగా కొద్దిపాటి వస్తువును రాతిపై రాచి మెత్తన చేయుట. విసరుట యనగా పొడిగింజను రెండు రాళ్ల నడుమ పిండి చేయుట. గారెల పప్పును ఎవరును దంచరు. ఎండు మిరపకాయలను ఎవరును తిరగలిలో పోయరు. ఏ పనికి ఏది తగునో భాషయే నిర్ణయించి పెట్టినది.

నేడు అమ్ముచున్న ఫుడ్ ప్రాసెసరు ఈ పనులన్నిటిని ఒక్క మోటారే చేయునని చెప్పును. ఆ మాట ఎంతవరకు నిజమో తెలియవలెనన్నచో, ఈ యంత్రములు ఎవరి పనిని చూచి పుట్టినవో మొదట తెలిసికొనవలెను.

ఫుడ్ ప్రాసెసరుకు పుట్టినిల్లు ఫ్రాన్సు. హోటళ్ల వంటశాలలలో తరుగుడు పనికే మిక్కిలి కాలము పట్టుచుండుట గమనించి పియర్ వెర్డన్ అను నాతడు 1960 దశకములో పెద్ద యంత్రమును రూపొందించెను. 1971లో ఇండ్లకు తగిన చిన్న యంత్రము వెలువడినది. 1973లో కార్ల్ సాంథైమర్ దానిని కొన్ని మార్పులతో క్విజినార్ట్ అను పేరున అమెరికాలో ప్రవేశపెట్టెను. వెడల్పయిన గిన్నె, దాని అడుగున వంపు తిరిగిన కత్తి, పైభాగమున తరుగుటకును తురుముటకును మార్చుకొను బిళ్లలు ఉండుట దాని స్వరూపము. కూరగాయలను తరుగుట, జున్నును తురుముట, గోధుమపిండిని ముద్దచేయుట దాని సహజవిద్యలు. నానిన మినపపప్పును అది పుట్టినప్పుడు చూచి యెరుగదు.

మన దేశములో జరిగిన కథ వేరు. కోయంబత్తూరుకు చెందిన పి. సభాపతి 1955లో రుబ్బురోలును విద్యుత్తుతో నడపు వెట్ గ్రైండరును తయారుచేసెను. ఆయన రాతిని విడువలేదు, త్రిప్పు చేతిని మాత్రమే మార్చెను. ఇక మిక్సీ సంగతి. సత్యప్రకాశ్ మాథుర్ అను ఇంజనీరు ఇంటిలో ఒక విదేశపు మిక్సరు ఉండెడిది. మన దినుసుల బరువునకు తాళలేక దాని మోటారు చెడిపోయెను. దానిని బాగుచేయించు మార్గము లేక ఆయన భార్య మాధురి ఇబ్బందిపడగా, మన వంటకు నిలుచు మోటారును తానే తయారుచేయుటకు మాథుర్ పూనుకొనెను. 1963లో సుమీత్ మిక్సీకి అది నాంది. ఆనాడు ఒక గృహిణి తన పని ఇట్టిదని చెప్పగా, భర్త దానిని విని యంత్రమును కల్పించెను. తరువాతి కాలమున యంత్రములు పెరిగినవి కాని, ఆ వినుట మాత్రము తగ్గినది.

ఇక ఈ దీవుల మాట. 2011 జనాభా లెక్కల ప్రకారము అండమాన్ నికోబార్ దీవులలో నూటికి సుమారు 13 మందికి తెలుగు మాతృభాష. జంగ్లీఘాట్ మత్స్యకారులు మొదలు కేంద్ర ప్రభుత్వోద్యోగముపై బదిలీగా వచ్చినవారి వరకు అన్ని తరగతులవారును వీరిలో కలరు. అధికుల మూలము శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములు. పోర్ట్ బ్లెయిర్ నగరమునకు 2024లో శ్రీ విజయపురమని పేరు మారినది. పేరు మారినను దూరము మారలేదు. విశాఖపట్టణము నుండి సుమారు 1200 కిలోమీటర్ల సముద్రము దాటిననే గాని ఇక్కడికి చేరరు, ఓడలోనైనచో రెండు మూడు దినముల ప్రయాణము. యంత్రము చెడినచో దాని విడిభాగమును ఆ సముద్రమే దాటి రావలెను. ఈ ఒక్క విషయమును మరచినందువలన ఏమి జరుగునో తెలియుటకు ఇక్కడనే పనిచేయుచున్న ఒక ఉద్యోగి ఇంటి వృత్తాంతము చాలును.

ఆయన విశాఖపట్టణము నుండి బదిలీపై వచ్చినవారు. ప్రభుత్వ క్వార్టర్సులో నివాసము. భార్య, ఇద్దరు పిల్లలు, డెబ్బదినాలుగేండ్ల తల్లి ఆయన కుటుంబము. తల్లి తన రుబ్బురోలును విడిచి రాననుటచేత అదియు సామానుతో పాటు ఓడలోనే వచ్చినది. రెండేండ్లు గడచిన పిమ్మట భార్యకు కుడిభుజమున నొప్పి పుట్టి, క్రమముగా చేయి పైకెత్తుటయే కష్టమైనది. బరువులు ఎత్తవలదని, చేతిని ఒకే తీరున త్రిప్పు పని మానవలెనని వైద్యుడు చెప్పెను.

భర్తకు భార్యపై ప్రేమ లేకపోలేదు. సెలవుపై చెన్నై వెళ్లినపుడు, తన హోదాకు కొంచెము మించిన వెలయే పెట్టి, పదునాలుగు ఉపకరణములు గల ఫుడ్ ప్రాసెసరును కొనిరి. తిరుగు ప్రయాణములో ఆ పెట్టెను ఓడలో బంకు క్రింద పెట్టుకొని, ఎవరును తాకకుండ కాపాడి తెచ్చిరి.

మొదటి దినము ఇంటిలో పండుగయే. క్యాబేజీ క్షణములో తునకలైనది. క్యారెట్టు తురుమయినది. పిల్లలు చప్పట్లు కొట్టిరి. మూడవ దినమున గారెలకు మినపపప్పు నానవేసిరి. వెడల్పు గిన్నెలో కత్తి గిర్రున తిరిగెనే గాని, పప్పు అంచులకు అంటుకొని నడుమ బోలు ఏర్పడినది. కత్తికి అందించుటకు నీరు పోయవలసి వచ్చినది. నీరు పోసినకొలది పిండి జారైనది. ఆనాటి గారెలు పొంగక చదునుగా నూనె త్రాగినవి. తరువాతి వారము ఇడ్లీపిండిని చిన్న జాడీలో నాలుగు వాయిలుగా వేసి చూచిరి. మూడవ వాయికి మోటారు వేడెక్కి, దానంతట అదే ఆగిపోయినది. ఇక పని ముగిసిన పిమ్మట గిన్నె, మూత, కత్తి, బిళ్లలు కడిగి ఆరబెట్టుటకు పట్టు కాలము, కత్తిపీటపై కూర తరుగుటకు పట్టు కాలమును మించినది. వంటింటి గట్టుపై దానికి చోటు చాలక, కావలసినప్పుడెల్ల అలమారు నుండి దింపవలసి వచ్చెడిది. భుజము నొప్పి గలవారు అంత బరువును ఎట్లు దింపుదురో ఎవరును ఆలోచింపలేదు.

రెండు నెలలకు మూతకొక్కెము విరిగినది. మూత సరిగా బిగిసిననే తప్ప మోటారు నడవకుండుట చేతివ్రేళ్ల రక్షణకై చేసిన ఏర్పాటు. అది మంచి ఏర్పాటే. కాని బొటనవ్రేలంత ప్లాస్టిక్ ముక్క విరుగుటచేత యంత్రమంతయు మూగబోయినది. ఆ ముక్క స్థానిక దుకాణములలో దొరకలేదు. ప్రధాన భూభాగము నుండి తెప్పించుటకు వ్రాసి ఎదురుచూడవలసి వచ్చినది. యంత్రము అలమారు పైకి ఎక్కినది. ఇంటిలో ఇడ్లీలు, దోసెలు మాత్రము ఆగలేదు. అవి ఎట్లు వచ్చుచున్నవో ఆయన అడుగలేదు.

ఒకనాడు ఒంటిలో నలతగా ఉండి ఆయన మధ్యాహ్నమే ఇల్లు చేరిరి. వెనుక వసారాలో రుబ్బురోలు ముందు తల్లి కూర్చుండి రెండు చేతులతో పొత్రము త్రిప్పుచుండెను. కోడలు ఎదుట కూర్చుండి, కుడిచేతిని ఒడిలో పెట్టుకొని, ఎడమచేతితో పప్పును లోనికి త్రోయుచుండెను. ముసలి ప్రాణము చెమటతో తడిసియుండెను. ఇట్లు ఆరు వారములుగా జరుగుచున్నది. ప్రేమతో తెచ్చిన వస్తువును కాదన్నచో ఆయన మనస్సు నొచ్చునని అత్తాకోడళ్లిద్దరును ఈ విషయమును దాచిరి.

“ఇంట్లో యంత్రం ఉండగా ఈ వయసులో ఇదేమిటమ్మా?” అని ఆయన అడిగిరి.

“ఆ యంత్రం ఎవరికోసం తెచ్చావు నాయనా?”

“నీ కోడలి కోసమే గదా!”

“మరి దాన్నడిగావా?” అని తల్లి మరల పొత్రముపై చేయి వేసెను.

ఆయన వద్ద సమాధానము లేదు. ఇరువదియేండ్ల ఉద్యోగములో, అడుగక కొనిన వస్తువులపై ఆక్షేపణలు వ్రాసిన కలము ఆయనదే. ఆ రాత్రి భోజనముల తరువాత ఆయన ఒక తెల్లకాగితము తీసికొని భార్య ఎదుట కూర్చుండిరి. “ఇప్పుడివన్నీ ఎందుకండీ?” అని ఆమె మొదట తప్పించుకొనజూచెను. తరువాత ఒక్కొక్కటిగా చెప్పెను. మినపపిండి వారమునకు రెండుసార్లు. కొబ్బరి పచ్చడి ఇంచుమించు ప్రతిదినము. చేపల పులుసుకు మసాలా ముద్ద వారమునకు మూడుసార్లు. ఆవ నూరుట అప్పుడప్పుడు. కందిపొడి నెలకొకసారి.

“కూరలు తరగడం?” అని ఆయన అడిగిరి.

“అది నాకు కష్టం కాదండీ. కత్తిపీట ముందేసుకుని అత్తయ్యగారితో నాలుగు మాటలు చెప్పుకునేది అప్పుడే. దానికి యంత్రం వద్దు.”

“చపాతీ పిండి?”

“వారానికి రెండుసార్లు. అది మీరు కలిపితే చాలు.”

ఆ ఇంటికి వ్రాయబడిన మొదటి ఇండెంటు అది. దానిని చదివినచో పదునాలుగు ఉపకరణములలో పండ్రెండింటికి ఆ ఇంటిలో పనియే లేదని తేలినది. ఆమె చేతిని హరించినది తరుగుడు కాదు, రుబ్బుడు. యంత్రము తరుగుడుకు వచ్చినది. జబ్బు ఒకటి, మందు వేరొకటి.

రుబ్బుటకును కోయుటకును గల భేదమును ఇక్కడ కొంచెము వివరింపవలెను. మిక్సీలోని కత్తి నిమిషమునకు వేలకొలది చుట్లు తిరుగును. అది పప్పును నలుపదు, కోయును. ఆ వేగమువలన వేడి పుట్టును. వెట్ గ్రైండరు మెల్లగా తిరుగును. రాయి పప్పును నలుపును, పిండిలోనికి గాలిని చేర్చును, వేడి పుట్టనీయదు. అందుచేతనే అదే పప్పు రాతిపై ఎక్కువ ఒదుగును. ఈ దీవులలో ఏడాది పొడవునను ఉక్కయే కనుక పిండి త్వరగా పులియును. వెచ్చబడిన పిండి మరింత త్వరగా పులిసి, తెల్లవారునప్పటికి గిన్నె దాటి పొంగును. మిక్సీయే శరణ్యమైనచో చల్లని నీటితో, కొద్దికొద్దిగా, ఆపి ఆపి రుబ్బవలెను. ఎన్ని నిమిషములు నడపి ఎన్ని నిమిషములు ఆపవలెనో యంత్రముతో వచ్చు పుస్తకములో వ్రాసియుండును. ఆ పుటను చదువక పారవేయుటచేత మాడిన మోటార్లు ఎన్నియో.

ఖర్చు లెక్కయు చూడదగినది. 750 వాట్ల మిక్సీ పది నిమిషములు నడచినచో యూనిట్టులో ఎనిమిదవ వంతు విద్యుత్తు పట్టును. 150 వాట్ల చిన్న గ్రైండరు అరగంట నడచినను పదమూడవ వంతే పట్టును. కాలము ఎక్కువైనను కరెంటు తక్కువ. ఈ దీవులకు ప్రధాన భూభాగపు విద్యుత్ గ్రిడ్డుతో సంబంధము లేదు. ఉత్తర అండమానులో 5.25 మెగావాట్ల కల్పాంగ్ జలవిద్యుత్ కేంద్రమును, కొంత సౌరశక్తియును ఉన్నను, అధికభాగము ఓడలో వచ్చు డీజిలుతోనే పుట్టుచున్నది. కనుక ఎక్కువ వాట్లు గల యంత్రమే గొప్పదనుకొనుట ఇక్కడ రెండింతల పొరపాటు.

ఆ ఉద్యోగి ఈసారి భార్యను, తల్లిని వెంటబెట్టుకొని అబర్డీన్ బజారుకు వెళ్లిరి. రెండు లీటర్ల చిన్న గ్రైండరును, మూడు జాడీల సామాన్యమైన మిక్సీని చూచిరి. దుకాణదారుని మొదట అడిగినది ధర కాదు. “దీని రబ్బరు, బుష్, బెల్టు మీ దగ్గర ఉంటాయా? చెడితే బాగుచేసేవాడు ఊళ్లో ఉన్నాడా?” అని అడిగిరి. భార్య జాడీని ఎడమచేతితో ఎత్తి, మూత బిగించి, తీసి చూచెను. గ్రైండరు నుండి రాళ్లను తీయుట ఆమె చేతికి కష్టమైనది. ఆ పని భర్త చేయవలెనని అక్కడనే ఒప్పందమైనది. రెండింటికి కలిసి అయిన వెల మునుపటి యంత్రపు వెలకన్న తక్కువ.

మొదటిసారి రుబ్బిన నాడు తల్లి గ్రైండరు ప్రక్కన పీట వేసికొని కూర్చుండెను. ఆమెకు యంత్రముపై నమ్మకము లేదు. అరగంట తరువాత చిటికెడు పిండిని నీటిగిన్నెలో వేసి చూచెను. పిండి తేలినది. ఆమె మెచ్చుకొనలేదు, కాని మరునాడు రుబ్బురోలును వసారా మూలకు జరుపుమని తానే చెప్పెను. అది ఇంకను ఆ మూలనే ఉన్నది. కరెంటు పోయిన నాడు పచ్చడి దానిలోనే.

ఫుడ్ ప్రాసెసరు మాట ఏమైనదన్నచో, మూతకొక్కెము మూడు నెలలకు వచ్చినది. ఢిల్లీ నుండి బదిలీపై వచ్చిన పొరుగింటివారు ఆ యంత్రమును తగిన వెలకు తీసికొనిరి. వారింట ప్రతిదినము గోధుమపిండి ముద్ద, ముల్లంగి తురుము కావలెను. అక్కడ అది చక్కగా పనిచేయుచున్నది. అనగా యంత్రము చెడ్డది కాదు, అది వేరొక ఇంటి ఇండెంటుకు తగినది.

ఈ వృత్తాంతము నుండి యంత్రము కొనదలచిన గృహస్థులు గ్రహింపదగినవి నాలుగు ప్రశ్నలు. మొదటిది, ఇంటిలో ఏ పని ఎవరి ఒంటిని అరుగదీయుచున్నది? రెండవది, ఆ పని కోయుటయా, రుబ్బుటయా, పొడి చేయుటయా? రుబ్బుటయైనచో రాయి, పచ్చడి, పొడి యైనచో మిక్సీ, తరుగుటయు పిండి కలుపుటయు ఎక్కువైనచో ఫుడ్ ప్రాసెసరు. మూడవది, దానిని ఎత్తి, కడిగి, ఆరబెట్టువారి చేతికి అది వశమగునా, గట్టుపై ఎల్లప్పుడు ఉండుటకు చోటున్నదా? ఉప్పుగాలి, తేమ గల ఈ వాతావరణములో తడిగా మూసిపెట్టిన యంత్రము త్వరగా త్రుప్పుపట్టును. నాలుగవది, దాని విడిభాగము సముద్రము దాటనక్కరలేకుండ ఈ ఊరిలో దొరకునా? వీనితోపాటు మూడు పిన్నుల ప్లగ్గు, ఎర్తింగు ఉన్న సాకెట్టు, జాడీలో చేయి పెట్టుటకు ముందు ప్లగ్గు తీయు అలవాటు తప్పనిసరి.

ఈ నాలుగు ప్రశ్నలకును సమాధానము దుకాణములో లేదు, ప్రకటనలలో లేదు. అది వంటింటిలో నిలువబడియున్న మనిషి వద్ద ఉన్నది. అడుగనిచో ఆమె చెప్పదు. ఎందుకనగా తన నొప్పికన్న ఇంటివారి మనస్సు ముఖ్యమని ఆమె నేర్చుకొనియున్నది. ప్రేమతో కొనిన వస్తువైనను, అడుగక కొనినచో ఆమెకు మరియొక బరువగును. ఆ ఇంటిలో ఆరు వారములు ఒక ముసలితల్లి పొత్రము త్రిప్పినది యంత్రము లేక కాదు, ఒక్క ప్రశ్న లేక.

పండుగలు దగ్గరపడుచున్నవి, దుకాణములలో తగ్గింపు ధరల బోర్డులు వ్రేలాడును. యంత్రము కొనదలచిన సోదరులు బజారుకు బయలుదేరుటకు ముందు ఒక తెల్లకాగితము తీసికొని వంటింటి గుమ్మము వద్ద కొంతసేపు కూర్చుండవలెనని మనవి. చపాతీపిండి కలుపు భాగము తమకు పడినచో, దానిని కూడ ఆ కాగితముపై వ్రాసికొనవలెను.